పేర్లు ముందు, దారి చివర

అద్దంకి,
జూన్ 2007.

ఒరే నాగేంద్రా,

ఈమెయిలు ఉండగా కాగితం ఏంటా అని నవ్వుకుంటావేమో, నవ్వుకో. పొద్దున్నుంచి షాపులో కంప్యూటరు ముందే కూర్చుంటాను. ఆ తర్వాత జాన్ బాషా నెట్ సెంటరుకు వెళ్ళి ఇంకో కంప్యూటరు ముందు కూర్చోవాలంటే కళ్ళు ఒప్పుకోవడం లేదు. ఆ సంగతి చివర్లో చెబుతా. ముందు నీకు నాలుగు చీవాట్లు పెట్టాలి.

నీ 'గొంతుక' సైటు చూశాను. తెలుగులో టైపు చేసింది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ తయారుచేశావు. ఎవరైనా ఊరికే తీసుకుని తమ ప్రోగ్రాముకు తగిలించుకోవచ్చన్నావు, ఓపెన్ సోర్స్ అన్నావు. మనతో పాలిటెక్నిక్ చదివినవాళ్ళలో ఇంత పని చేసినవాడు ఇంకొకడు లేడు, ఒప్పుకుంటా. కానీ దాన్ని వాడే పద్ధతి చెప్పే ఆ డాక్యుమెంటేషన్ ఏంట్రా? ఏ పేజీ ఎక్కడుందో నీకైనా తెలుసా? ఎడమవైపు మెనూలో నీ ఫైళ్ళ పేర్లు తెచ్చి వరసగా కుమ్మరించావు. నాకు కావలసింది ఒక్కటే, దాన్ని నా టైపింగ్ ప్రోగ్రాముకు ఎలా తగిలించాలని. ఆ పేజీ లేకపోలేదు. 'పాత సంగతులు' కింద 'ఇతరములు', దాని లోపల ఇంకేదో, దాని అడుగున పెట్టావు. అది దొరికేసరికి కరెంటు పోయింది, జాన్ బాషా షట్టరు దించేశాడు.

ఇక కళ్ళ సంగతి. చిన్నప్పుడు నాకు రేచీకటని మా అమ్మ మేక కార్జం వండి పెట్టేది, నువ్వు కూడా పక్కన కూర్చుని తినేవాడివి. అది మామూలు రేచీకటి కాదట. ఒంగోల్లో కంటి డాక్టరు చూశాడు. కంటి వెనక పొర ఎండిపోతోందట. చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి మధ్యలో మిగిలింది కూడా పోతుందట. మందు లేదు, ఆపరేషను లేదు. మహా అయితే రెండేళ్ళు అన్నాడు.

కంప్యూటర్లో శుభలేఖలు పేర్చే ఈ డీటీపీ తప్ప నాకు ఇంకో పని రాదురా. చూపు పోయేలోపు చెవితో టైపు చేయడం నేర్చుకోవాలి. తెలుగు చదివి వినిపించేది నీ గొంతుక తప్ప నాకు ఇంకొకటి దొరకలేదు. అందుకే ఇన్ని తిట్లు. కట్టుకున్నది, నస్రత్‌కు కూడా ఇంకా చెప్పలేదు. ఫోన్ చేస్తే నోరు జారకు.

కలీం


హైదరాబాద్,
జూలై 2007.

కలీమూ,

లావు స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను, వరసకు నాలుగు మాటలే పడుతున్నాయి. ఇలా అయితే కనబడుతుందా? చాలకపోతే చెప్పు, గోడ మీద పార్టీవాళ్ళు రాసినట్టు రాస్తాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. మధ్యాహ్నం క్యాంటీన్లో మళ్ళీ చదివాను. మందు లేదన్నది ఒక్క డాక్టరే కదా. ఇక్కడికి రా, పెద్ద ఆసుపత్రిలో చూపిద్దాం. నా గదిలోనే ఉండొచ్చు.

మెనూ గురించి నువ్వన్నది నిజం. ఇల్లు కట్టుకున్నవాడికి స్విచ్చి ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, వచ్చినవాడే గోడ తడుముకోవాలి. గొంతుక రాసింది ముగ్గురం. నేను, విజయవాడలో లక్ష్మీదుర్గ, నరసరావుపేటలో అంకమ్మరావు. సెలవు రోజుల్లో కూర్చుని కోడు రాశాం. బయటినుంచి వచ్చేవాడికి దారి వేయాలన్న ఆలోచనే మాకు రాలేదు.

పేజీ పేర్చడం నీ వృత్తి కదా, నువ్వే సర్దు. సైటు ఫైళ్ళన్నీ సీడీలో పంపుతున్నాను. నువ్వు సర్ది పంపితే నేను ఎక్కిస్తాను. సైటు నడిచే సర్వరు ఒక స్నేహితుడి కంపెనీలో ఉంది, పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. నీ టైపింగ్ ప్రోగ్రాముకు తగిలించే కోడు ముక్క కూడా నేనే రాసి పంపుతాను. నువ్వు చెవికి అలవాటు పడటానికి కావలసినంత సమయం ఉంది. దిగులుపడకు.

నాగేంద్ర


అద్దంకి,
అక్టోబరు 2007.

ఒరే నాగేంద్రా,

సీడీ పంపుతున్నా. చూశాక కుర్చీలోంచి లేచి నిలబడతావు, ఆ సంగతి ముందే చెబుతున్నా.

నేను వేసిన శుభలేఖలకు లెక్కలేదు. మీవైతే పైన దేవుడి బొమ్మ, మావైతే బిస్మిల్లా. ఆ తర్వాత పెద్దల పేర్లు, ఆ పెద్దల ఊళ్ళు, వాళ్ళ ఉద్యోగాలు. అవన్నీ అయ్యాకే పెళ్ళి, వేళ, భోజనాలు. ఒక బాబాయి పేరు వదిలేశామంటే మండపంలో కుర్చీలు లేస్తాయి. మీ సైటులో ఆ మర్యాద లేదు. ఎవరు చేశారో తెలియదు, ఎవరి గొంతో తెలియదు. దిక్కులేని ఇల్లులా ఉంది.

అందుకని ప్రతి పేజీకీ తలకట్టు కట్టాను. మొదట పిచ్చమ్మ టీచరు గారి పేరు. ఆవిడ ఓపిగ్గా కూర్చుని అక్షరం అక్షరం చదివి రికార్డు చేయించకపోతే మీ గొంతుకకు గొంతెక్కడిది? తర్వాత నీ పేరు, తర్వాత మిగతా ఇద్దరివి, చదువులు, ఊళ్ళతో సహా. దాని కింద మెనూ. నీ ఫైళ్ళ పేర్లన్నీ ఎత్తేశాను. 'తగిలించుకునే పద్ధతి', 'వేగం మార్చడం', 'మీటల వివరం', 'మాట తప్పు పలికితే' అని మనుషులు మాట్లాడుకునే పేర్లు పెట్టాను. ఎటు నుంచి ఏ పేజీలో దిగినా మొత్తం తలకట్టు, మొత్తం మెనూ కనబడతాయి.

జాన్ బాషా చేత మిగతా ఇద్దరికీ ముందుగా పంపించాను. అంకమ్మరావు వెంటనే ఫోన్ చేశాడు. "ఏమయ్యా కలీం, ఆ లక్ష్మీదుర్గ నిన్నగాక మొన్న వచ్చింది. నేను మొదట్నుంచీ ఉన్నా. ఆవిడ పేరు కింద నా పేరు వేస్తావా?" అన్నాడు. నాకు ఇవి కొత్తా? పెళ్ళికొడుకు తరఫు, పెళ్ళికూతురు తరఫు వేసినట్టు ఇద్దర్నీ పక్కపక్కన రెండు వరసల్లో పెట్టాను. "ఆఁ, ఇప్పుడు మర్యాదగా ఉంది" అన్నాడు.

చూపు ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టుంది. పేజీ ఈ అంచు నుంచి ఆ అంచుకు తల తిప్పుకుంటూ చూడాలి. మోటారుసైకిలు అమ్మేశాను. నస్రత్ అడిగితే నడక మంచిదన్నారని చెప్పాను. హైదరాబాదు రావడానికి ఇప్పుడు తీరిక లేదు, పెళ్ళిళ్ళున్నాయి. ఆ తగిలించే ముక్క తొందరగా పంపు.

కలీం


హైదరాబాద్,
జనవరి 2008.

కలీమూ,

ఆలస్యమైంది, తిట్టకు. సైటు ఎక్కించాను. అద్భుతంగా ఉందిరా. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. లక్ష్మీదుర్గ 'పెళ్ళికి వచ్చినట్టుంది' అని రాసింది. మెచ్చుకోలే అనుకుంటున్నాను.

తగిలించే ముక్క ఈ సీడీలో ఉంది. నీ టైపింగ్ ప్రోగ్రామే కాదు, తెర మీద సైటు తెరిచినా చదివి వినిపిస్తుంది. కాస్త గబగబా చదువుతుంది. వేగం తగ్గించుకోవచ్చు, ఎలాగో సైటులో ఉంది. నువ్వే సర్దావుగా, నీకు తెలియని పేజీయా!

ఇక్కడ కొత్త ప్రాజెక్టు నెత్తిన పడింది. ఊపిరాడటం లేదు. ఆసుపత్రికి ఎప్పుడొస్తావు? వస్తానంటావు, రావు.

నాగేంద్ర


అద్దంకి,
మే 2008.

ఒరే నాగేంద్రా,

దస్తూరీ చూసి బెదిరిపోకు. నేను చెబుతుంటే నస్రత్ రాస్తోంది. నా అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయట. తనకు అన్నీ చెప్పేశాను. చెప్పకముందే తెలుసంది.

చెవితో పని మొదలుపెట్టాను. ఎంత బాధగా ఉందో విను. నీ గొంతుక పరుగెత్తుతోంది, మాట మాట విడిగా వినబడటం లేదు. సరే, వేగం తగ్గించుకుందామంటే సైటు ఫైళ్ళు షాపులో ఉంచుకోలేదు. జాన్ బాషా సెంటరుకు వెళ్ళి, అక్కడ కూడా నీ ముక్క ఎక్కించి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని సైటు తెరిచాను. 'విశ్రాంత ఉపాధ్యాయిని శ్రీమతి పిచ్చమ్మ గారు' అని మొదలుపెట్టింది. తర్వాత నువ్వు, నీ డిప్లొమా, నీ ఊరు. తర్వాత నేను రెండు వరసలు కట్టాను కదా, వాటిని అడ్డంగా చదివింది. 'లక్ష్మీదుర్గ అంకమ్మరావు విజయవాడ నరసరావుపేట' అంటూ ఆ ఇద్దరికీ పెళ్ళి చేసేసింది. అదంతా అయ్యాక మెనూ మొత్తం. అప్పటికి గానీ నాకు కావలసిన లింకు రాలేదు. నొక్కాను. కొత్త పేజీ తెరుచుకుంది. మళ్ళీ 'విశ్రాంత ఉపాధ్యాయిని శ్రీమతి పిచ్చమ్మ గారు'.

శుభలేఖ చేతికొస్తే పేర్లన్నీ ఎవడు చదువుతాడ్రా? కన్ను దూకి వెళ్ళి పెళ్ళెప్పుడో, భోజనాలెక్కడో చూసుకుంటుంది. పేర్లు ఉన్నాయా లేదా అన్నదే లెక్క. చెవికి ఆ దూకుడు లేదు. మొదటి నుంచి చివరిదాకా వినాల్సిందే. చూపు లేనివాళ్ళు వాడే సైటును చూపున్నవాళ్ళు మెచ్చుకునేలా సర్దాను. రేపు ఆ చూపు లేనివాడిని నేనేనని తెలిసి కూడా ఇలా చేశాను. నా మీద నాకే ఎంత కోపంగా ఉందో చెప్పలేను. జాన్ బాషా ముందే హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద కొట్టాను.

వేగం ఒక్కటే అయితే నువ్వు ఉత్తరంలో రాసేస్తావు. కానీ రేపు ఇంకో సందేహం వస్తుంది, ఎల్లుండి మరొకటి. ప్రతిదానికీ నీకు ఉత్తరం రాసి ఎదురుచూస్తే గిరాకీ ఆగుతుందా? నాకు కావలసిన పేజీ నేనే వెతుక్కోగలగాలి. అది లేకపోతే నీ గొంతుక ఉండీ లాభం లేదు. ఆ తలకట్టు తీసి అవతల పారేయి. పేజీ తెరవగానే విషయం రావాలి, మెనూ అడుగున ఉండాలి. ఫైల్లో ఏ వరస ఎక్కడుందో నాకిక కనబడటం లేదు, నువ్వే చేయాలి. మధ్యలో ఇంకా కాస్త చూపు మిగిలుంది. అది ఉండగానే ఏ మీట ఎక్కడుందో చూసుకుంటూ చెవికి అలవాటు చేసుకోవాలి. అది కాస్తా పోయాక నువ్వు బంగారంతో సైటు కట్టినా నాకు పనికిరాదు.

కలీం

అన్నయ్యా, ఇది ఆయన చెప్పింది కాదు, నేను కలుపుతున్నది. మొన్న ఒక పెళ్ళి కార్డులో పెళ్ళికూతురి తండ్రి పేరు తప్పు పడింది. వాళ్ళు కార్డుల కట్టలు తెచ్చి షాపు మెట్ల మీద విసిరికొట్టి, నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళారు. ఎదురుగా ఫ్లెక్సు మిషను వచ్చింది, ఉన్న గిరాకీ అటు పోతోంది. ఈ సంగతులు ఆయన మీకు రాయించలేదు. మీ పని కాస్త త్వరగా చూడండి. నస్రత్.


హైదరాబాద్,
జూలై 2008.

కలీమూ,

తప్పు నీది కాదు. నేను ఎక్కించేటప్పుడు ఒక్కసారి కళ్ళు మూసుకుని విన్నా తెలిసేది. ఇద్దరికిద్దరం సరిపోయాం. మెనూ మార్చడం ఎంతసేపు, కూర్చుంటే ఒక ఆదివారం పని. దసరా లోపల అయిపోతుంది. ఈలోగా నీ షాపు కంప్యూటర్లో వేగం తగ్గించే మీటలు వేరే కాగితం మీద రాసి పెట్టాను, చెల్లెమ్మ చదివి చెబుతుంది. నువ్వు మాత్రం వదిలిపెట్టకు.

నాగేంద్ర

చెల్లెమ్మా, ఈ కింద రాసింది వాడికి చదవొద్దు. అంకమ్మరావు, లక్ష్మీదుర్గ ఇద్దరూ గొంతుక వదిలేశారు, మెయిల్ పెట్టినా జవాబు లేదు. సర్వరున్న మా స్నేహితుడి కంపెనీ నడిచేలా లేదు. మా ఆఫీసులో కూడా మనుషుల్ని తీసేస్తారంటున్నారు. ఆ ఆదివారం ఎప్పుడు దొరుకుతుందో నాకే తెలియదు. కానీ వాడికి చేయలేనని రాయడానికి చేయి రావడం లేదమ్మా.


అద్దంకి,
జనవరి 2009.

నాగేంద్రా,

దసరా అయింది, దీపావళి అయింది, మా బక్రీదు కూడా అయింది.

షాపు కంప్యూటరు చెడిపోయింది. బాగుచేసినవాడు లోపలిదంతా తుడిచేశాడు, గొంతుక కూడా పోయింది. నువ్వు పంపిన సీడీ గీతలు పడి పనిచేయలేదు. జాన్ బాషా దగ్గరికి వెళ్తే అక్కడ ఎక్కించింది కూడా ఎప్పుడో తీసేశాడట, మళ్ళీ దింపుకుందామంటే సైటు తెరుచుకోలేదు. "అసలు ఆ పేరుతో సైటే లేదు భాయ్" అన్నాడు. నీకు ఫోన్ చేస్తే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చారట.

మధ్యలో మిగిలిన చూపు కూడా మసకబారింది. నస్రత్ ముఖం వెలుతురులో ఉంటే ఆనవాలు పట్టగలుగుతున్నాను. తిట్టే ఓపిక లేదు. చేయలేకపోతే చేయలేనని ఒక్క ముక్క రాయి. ఎదురుచూడటం మానేస్తాను, అదైనా కాస్త తెరిపి.

కలీం

ఈసారి నేను కలిపేది ఏమీ లేదు అన్నయ్యా.


ఒంగోలు,
మే 2009.

కలీమూ,

పైన ఊరి పేరు చెల్లెమ్మ చదివే ఉంటుంది. అవును, ఒంగోల్లోనే ఉన్నాను. నీ జనవరి ఉత్తరం హైదరాబాదు గదికి వెళ్ళి, చేతులు మారి నాకు చేరింది. అప్పటికే నా ఉద్యోగం పోయింది. ఆ సీటు ఖాళీ చేయమని చెప్పడానికి వాళ్ళకు టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. మా స్నేహితుడి కంపెనీకి తాళం పడింది, సర్వరు ఎవరు ఎత్తుకెళ్ళారో తెలియదు. అన్నీ ఒక్కసారే జరిగాయి. నీకు ఏ ముఖం పెట్టుకుని రాయను? సిగ్గుపడి నంబరు మార్చుకున్నాను.

ఇప్పుడు రోజూ చీమకుర్తి వెళ్తున్నాను. గ్రానైటు కోసే యూనిట్ ఆఫీసులో కూర్చుని, లారీలకు ఎక్కే రాళ్ళ కొలతలు కంప్యూటర్లో కొడతాను. సాయంత్రానికి తల నిండా రాతి పొడి.

కానీ ఒక పని పూర్తిచేశానురా. పాత కాపీ ఒకటి నా దగ్గర మిగిలింది. దాన్ని ముందేసుకుని, కళ్ళు మూసుకుని, చెవితో విని సర్దాను. నువ్వు చెప్పినట్టే పేజీ తెరవగానే విషయం వస్తుంది. ఒక మీట నొక్కితే మెనూ, ఇంకో మీట నొక్కితే వెనక్కి. తలకట్టు లేదు. మా పేర్లన్నీ ఒకే ఒక్క పేజీలో ఉన్నాయి, కావాలని వెళ్తే తప్ప వినబడవు. లోకంలో ఇంకెక్కడా గొంతుక లేదు, ఈ సీడీలోనే ఉంది. లైబ్రరీ, ఎక్కించే పద్ధతి, సైటు మొత్తం ఇందులోనే. గీతలు పడకుండా గుడ్డలో చుట్టి పంపుతున్నాను.

నా చదువుకూ, ఇన్నేళ్ళ ఉద్యోగానికీ మిగిలింది ఇదొక్కటే. దీన్ని నువ్వొక్కడివి వాడుకున్నా నాకు చాలు. ఎలా ఉందో రాయించు. నువ్వు ఊఁ అంటే ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి పక్కన కూర్చుంటాను.

నాగేంద్ర


అద్దంకి,
జూన్ 2009.

నాగేంద్ర అన్నయ్య గారికి, నస్రత్ సలాములు.

ముందు ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఒరే నాగేంద్రా, సీడీ అందింది. వేసి చూశాను. ఒక్క మీటకే పేజీ దొరికింది. మెనూ అంటే ఇలా ఉండాలి. వేగం తగ్గించుకున్నాను, ఇప్పుడు ప్రతి మాటా తెలుస్తోంది. మొన్న ఒక శుభలేఖ మొదట్నుంచి చివరిదాకా చెవితోనే చేశాను, ఒక్క తప్పు పడలేదు. పెళ్ళివాళ్ళు మెచ్చుకున్నారు. నువ్వు గొప్పవాడివిరా. షాపులో ఊపిరాడనంత పని ఉంది, ఇప్పుడిప్పుడే రావద్దు. తీరిక చూసుకుని నేనే కబురు చేస్తాను. కలీం."

ఇంతవరకు ఆయన మాటలు. రాశాక మొత్తం చదివించుకున్నారు. 'గొప్పవాడివిరా' ఉందా అని మళ్ళీ అడిగారు.

ఇక నావి. షాపు ఉగాదికే ఖాళీ చేసేశాం అన్నయ్యా. కంప్యూటరు ఎదురు ఫ్లెక్సు షాపువాళ్ళు తీసుకెళ్ళారు. మీ సీడీ వేయడానికి మా ఇంట్లో ఏమీ లేదు. ఉన్నా ఇక లాభం లేదు, ఇప్పుడు దీపం వెలిగిందో ఆరిందో కూడా ఆయన నన్నే అడుగుతారు. మీటలు చూసుకునే రోజులు దాటిపోయాయి. గుడ్డ విప్పి సీడీ చేతిలో పెట్టాను. అంచు చుట్టూ వేలితో తడిమారు. మెరిసే వైపు ఏదని అడిగారు. జాన్ బాషా సెంటరుకు తీసుకెళ్తాను, ఒకసారి విందురు గాని అన్నాను. "విని బాగుందనిపిస్తే ఇంటికొచ్చి ఏం చేయను?" అన్నారు.

కోల్డ్ స్టోరేజీ నుంచి మిరపకాయల బస్తాలు ఇంటికి వేస్తున్నారు. నేను, ఆయన కూర్చుని తొడిమలు తీస్తాం. ఆ పనికి చూపు అక్కర్లేదు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకండి, మండిపోతాయి అంటే, "మండితే మండనీ, ఇంకేం పోతుంది" అంటారు. ఆ మాటకు నేను లేచి అవతలికి వెళ్ళిపోతాను.

మీకు అబద్ధం ఎందుకు రాయించారని కోపంగానే అడిగాను. "వాడికి ఉద్యోగం పోయింది. మిగిలింది ఇదొక్కటే అంటున్నాడు. అది కూడా ఆలస్యంగా వచ్చిందని ఎలా చెప్పమంటావే?" అన్నారు.

ఒంగోలు నుంచి ఇక్కడికి ఎంత దూరమని? మీరు అనుకుంటే రేపే రాగలరు. రావద్దండీ. మీరు వస్తే ఆయన మిరపకాయల మధ్య దొరికిపోతారు. మీ ముందు అంత తగ్గడం ఆయన తట్టుకోలేరు, నేను చూడలేను.

సంవత్సరం తర్వాత ఆయన గొంతులో హుషారు విన్నది ఆ అబద్ధం చెప్పించేటప్పుడే. ఆ పెళ్ళివాళ్ళు మెచ్చుకున్నారన్నప్పుడు నిజంగానే నవ్వారు. అందుకని మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. నేను రాసింది చింపేయండి. ఆయన రాయించింది నమ్మినట్టు, చాలా సంతోషపడినట్టు, ఆయనకు ఒక ఉత్తరం రాయండి. చదివి వినిపిస్తాను.

మీ చెల్లెలు
నస్రత్